బీచ్ అంటే ఇక్కడ ఇసుకే అనుకోకండి

ప్రశ్న (లండన్ నుంచి)

అందరికీ నమస్కారం. జనవరిలో చదువు కోసం లండన్ వచ్చాను. మాది విశాఖపట్నం. ఆగస్టు చివరి సోమవారం సెలవుకు ఆరుగురు స్నేహితులం బీచ్‌కు వెళ్దామనుకుంటున్నాం. బ్రైటన్ రైలులో గంట ప్రయాణమని విన్నాం. చెప్పులు వదిలి ఇసుకలో నడిచి, కాసేపు నీళ్ళలోకి దిగి, సాయంత్రానికి తిరిగి రావాలని ఆలోచన. ఏమేం తీసుకువెళ్ళాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (హేస్టింగ్స్ నుంచి)

తమ్ముడూ, సామాను సంగతి తరువాత చూద్దాం, ముందు బీచ్ అనే ఆ మాట సంగతి చెప్పాలి. బ్రైటన్ ఒడ్డంతా గులకరాళ్ళే. చెప్పులు వదిలి పది అడుగులు వేయలేరు.

నేనూ భీమిలి వాడినే. మన వైపు బీచ్‌కు వెళ్దామంటే నీళ్ళలోకి దిగుదామని కాదు. బీచ్ రోడ్డు గట్టు మీద కూర్చుని మురీ మిక్స్చర్ తినడం, ఒడ్డున ప్రదర్శనకు పెట్టిన కురుసుర జలాంతర్గామి దాకా నడిచి రావడం, గాలి పోసుకోవడం. ఆర్.కె. బీచ్‌కు సాయంత్రం వచ్చేవారిలో చాలామంది పాదాలు తడుపుకుని వెనక్కి వచ్చేస్తారు. ఇక్కడ ఆ షికారు చేసే చోటును సీఫ్రంట్ అంటారు, ప్రామనేడ్ అని కూడా అంటారు. ఊరు, పియరు (ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన వంతెన లాంటిది), ఐస్‌క్రీము, పిల్లల ఆటలు అన్నీ కలిపి ఒక రోజు గడిపి రావడం సీసైడ్‌కు వెళ్ళడం. బీచ్ అంటే ఊరికీ నీటికీ నడుమ ఉన్న ఆ నేల ఒక్కటే.

ఆ నేల ఊరికో రకం. ఇంగ్లీషులో ఈ మాట 16వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చినప్పుడు దాని అర్థం తీరం కాదు, అలలు అరగదీసిన గులకరాళ్ళు. రాళ్ళ పేరే రాళ్ళున్న చోటికి వచ్చింది, తరువాత ఇసుక ఉన్న చోటికీ పాకింది. మేముండే ససెక్స్‌లో, పక్కన కెంట్‌లో, రాళ్ళనే బీచ్ అనే పాత వాడుక మాండలికంలో నిలిచి ఉంది. కాబట్టి బ్రైటన్‌ను చూసి ఇదేం బీచ్ అని నొచ్చుకోకండి, పాత అర్థంలో అసలైన బీచ్ అదే.

మా అమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు సముద్రుడికి దండం పెట్టుకోవాలని మెట్ల దగ్గరే చెప్పులు విప్పేసింది. నాలుగు అడుగులకే పాదాలు కందిపోయాయి. అయినా చెప్పులు వేసుకోనంది. నా భుజం పట్టుకుని నీటి అంచు దాకా వచ్చి, రెండు చేతులా నీళ్ళు తీసుకుని తల మీద చల్లుకుంది. ముందే ఈ సంగతి చెప్పి ఉంటే ఆమెకు ఆ బాధ తప్పేది. మీకు ఇంత వివరంగా రాయడానికి అదొక కారణం.

రాళ్ళ ఒడ్డుకు అందం లేదని అనుకోవద్దు. డోర్సెట్‌లో చెసిల్ బీచ్ 29 కిలోమీటర్ల పొడవున ఒకే గులకరాళ్ళ గట్టు. పడమటి కొసన వెస్ట్ బే దగ్గర రాయి బఠాణీ గింజంత, తూర్పున పోర్ట్‌లాండ్ చేరేసరికి బంగాళాదుంపంత. చీకట్లో పడవ ఒడ్డుకు తగిలితే, గుప్పెడు రాళ్ళు తడిమి ఎక్కడికి చేరామో జాలరులు చెప్పేవారని అక్కడివారు అంటారు. ఒక్క రాయి కూడా జేబులో వేసుకోకండి. 1949 నాటి తీర రక్షణ చట్టం కింద తీరం నుంచి రాళ్ళు తీసుకుపోవడం నేరం.

మా హేస్టింగ్స్‌లో ఈ మాట క్రియ కూడా. చేపల పడవలకు ఇక్కడ రేవు గోడలు లేవు, వేట ముగిశాక వాటిని రాళ్ళ మీదికి లాగేస్తారు. అలా ఒడ్డుకెక్కించడాన్ని బీచ్ చేయడం అంటారు. మన జాలరిపేటల్లో తెప్పలను ఇసుక మీదికి ఎక్కించే పనే ఇది. ఆ చోటును స్టేడ్ అంటారు, పాత ఇంగ్లీషులో పడవలు దిగే చోటని అర్థం. అచ్చంగా మన రేవు.

పేరు చూసి మోసపోయే చోటు ఒకటుంది. ఈస్ట్‌బర్న్ పక్కన బీచీ హెడ్. దానికీ బీచ్‌కూ సంబంధం లేదు. పాత ఫ్రెంచిలో అందమైన తల అనే అర్థమున్న మాట నలిగి అలా అయింది. అది 162 మీటర్ల ఎత్తు సుద్దరాయి కొండ, అంచులు విరిగి పడుతుంటాయి. ఫొటో కోసం అంచుకు వెళ్ళవద్దు.

ఇక నీళ్ళలోకి దిగడం గురించి. రాళ్ళ బీచ్ నిటారుగా వాలి ఉంటుంది. రెండు మూడు అడుగుల్లోనే లోతు వచ్చేస్తుంది, వెనక్కి లాగే అల కాళ్ళ కింద రాళ్ళను కదిలిస్తుంది. ఈ దేశం చుట్టూ సముద్రపు సగటు ఉష్ణోగ్రత 12 డిగ్రీలే. వేసవిలో కాస్త పెరిగినా, మన బంగాళాఖాతంలో దూకినట్టు ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుపోతుంది. మెల్లగా దిగాలి.

ఇసుకే కావాలంటే పేరులో శాండ్స్ ఉన్న చోట్లు ఉన్నాయి. మాకు దగ్గర్లోనే కాంబర్ శాండ్స్. అది చూడడానికి మన సూర్యలంక లాగే మెత్తగా, చదునుగా ఉంటుంది. 2016 ఆగస్టు 24న లండన్ నుంచి వచ్చిన ఐదుగురు శ్రీలంక తమిళ యువకులు అక్కడ మునిగి చనిపోయారు. అలాంటి చోట ఆటు సమయంలో ఇసుక దిబ్బల మీదుగా చాలా దూరం నడిచిపోవచ్చు. పోటు తిరిగాక నీరు ముందు నుంచి మాత్రమే రాదు, వెనకనున్న పల్లపు పాయలు మొదట నిండుతాయి. దిబ్బ మీద నిలుచున్నవారికి ఒడ్డుకూ తమకూ మధ్య లోతు పెరిగిందని తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఆ రోజు అక్కడ కాపలా ఈతగాళ్ళు (లైఫ్‌గార్డులు) లేరు. ఆ తరువాతే పెట్టారు. ఆ సెలవు వారం వచ్చినప్పుడల్లా నాకు ఆ పిల్లలు గుర్తుకు వస్తారు. మీరూ లండన్ నుంచి వెళ్ళే స్నేహితులే, అదే నెల. అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఎరుపు పసుపు జెండాలు రెండు కనిపిస్తే వాటి నడుమ మాత్రమే దిగండి. ఎర్ర జెండా ఒక్కటే ఉంటే దిగవద్దు. నీలి జెండా వేరు. మన రుషికొండకు 2020లో వచ్చిన గుర్తింపు లాంటిదే అది. నీటి శుభ్రత, సౌకర్యాల గురించి చెబుతుంది కానీ ఆ పూట సముద్రం ఎలా ఉందో చెప్పదు.

జవాబు (బ్రిస్టల్ నుంచి)

అన్నయ్య చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. మా వైపు వెస్టన్ సూపర్ మేర్‌ను కూడా బీచ్ అనే అంటారు. ఈ సెవర్న్ నది ముఖద్వారం దగ్గర ఆటుకూ పోటుకూ తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది. విశాఖలో ఒకటిన్నర మీటరు కూడా కష్టం. ఆటు తీసినప్పుడు సముద్రం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇసుక దాటాక ఉన్నది బురద, కాలు మోకాలి దాకా కూరుకుపోతుంది. నీటిని అందుకోవాలని పిల్లలు పరుగెత్తకుండా చూసుకోండి. మీలో ఈత రానివారు ఉంటే ముందే చెప్పమనండి, సిగ్గు పడవలసిన విషయం కాదు.

ప్రశ్న అడిగినవారి మాట

అన్నయ్యా, అక్కా, ధన్యవాదాలు. మాలో ఇద్దరికి ఈత రాదు. బ్రైటన్ మానుకుని బోర్న్‌మత్ వెళ్దామనుకుంటున్నాం. అక్కడ ఇసుక ఉందన్నారు. సరైన ఆలోచనేనా?

జవాబు (హేస్టింగ్స్ నుంచి)

మంచి ఆలోచన. లండన్ నుంచి రైలులో సుమారు రెండు గంటలు, 11 కిలోమీటర్ల ఇసుక, కాపలా ఈతగాళ్ళు ఉంటారు. ఈత రాని ఇద్దరినీ మోకాలి లోతు దాటనివ్వకండి. పోటు వేళలు ముందు రోజే చూసుకోండి. పులిహోర, మంచినీళ్ళు, తుండుగుడ్డలతో పాటు ఒక్కొక్కరికి ఒక ఉన్ని చొక్కా పెట్టుకోండి, ఆగస్టయినా తడి ఒంటితో ఆ గాలికి ఆగలేరు. ఎవరైనా నీళ్ళలో చిక్కుకుంటే వెనక దూకవద్దు. వెల్లకిలా తేలమని కేకవేసి, 999కు ఫోను చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి. బీచ్‌లో ఉన్నామంటే వారికి తెలియదు, దగ్గర్లోని పియరు పేరో, మెట్ల దారి పేరో చెప్పాలి. దిగగానే ఆ పేరు ఆరుగురూ ఫోనులో రాసి పెట్టుకోండి.