హైదరాబాద్ ఒక్క రోజులో, క్యాబ్ లేకుండా... ఎవరైనా దారి చెప్పండి బాబూ

గోదారి కుర్రాడు:
రాత్రి నుంచి ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, బిర్లా మందిర్, ఈ నాలుగూ ఒక్క రోజులో అయిపోవాలి. చార్మినార్ కొడితే ఎంజీబీఎస్ అనే మెట్రో స్టేషన్‌లో దిగి నడవమంటోంది, గోల్కొండ కొడితే మూడు బస్సులు మారమంటోంది. అసలు చార్మినార్‌కి మెట్రో లేదా? ఇంత ఊరు, అంత పేరు! పొద్దున్నే రైలు దిగుతాం. ఆడవాళ్ళకి మెట్రో ఫ్రీ అని మా వదిన ఒకటే గొడవ, అది కూడా చెప్పండి.

పాతబస్తీ:
ఏ రోజు?

ఉప్పల్ వాసి:
చార్మినార్ దాకా మెట్రో లేదు తమ్ముడూ. జేబీఎస్, అంటే జూబ్లీ బస్టాండ్ నుంచి వచ్చే గ్రీన్ లైన్ 2020లో మొదలైంది, ఎంజీబీఎస్‌తో ఆగిపోతుంది. సికింద్రాబాద్‌లో దిగి బయటికి రాగానే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్ ఉంటుంది, అక్కడ బ్లూ లైన్ ఎక్కు, పరేడ్ గ్రౌండ్‌లో గ్రీన్‌కి మారు, ఎంజీబీఎస్ నుంచి ఆటో. అంతే, ఇందులో బుర్ర వేడెక్కేదేముంది.

లోకల్ రైలు ప్రేమికుడు:
మెట్రో వచ్చాక ఎంఎంటీఎస్ అనే లోకల్ రైలు ఒకటుందని జనం మర్చిపోయారు. 2003 నుంచి నడుస్తోంది, టికెట్ 5 రూపాయల నుంచి మొదలు, ఫోన్‌లోనే తీసుకోవచ్చు, క్యూ కూడా ఉండదు. బేగంపేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి, కాచిగూడ, ఫలక్‌నుమా, ఇన్ని చోట్లకి తీసుకెళ్తుంటే ఎవరికీ పట్టదు. నిర్లక్ష్యం చేసి చేసి ఈ స్థితికి తెచ్చారు, దీని మీద నేను ఎప్పటినుంచో...

ఉప్పల్ వాసి:
అన్నా, రైలొస్తే కదా ఎక్కేది. ఒకటి తప్పితే రెండోదాని కోసం ప్లాట్‌ఫారమ్ మీద టీ తాగుతూ కూర్చోవాలి.

కండక్టర్ గారమ్మాయి:
ఫ్రీ సంగతి ఎవరూ చెప్పలేదు. ఫ్రీ ఉన్నది మెట్రో రైల్లో కాదు, బస్సులో. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఈ రెండిట్లోనే. 2023 డిసెంబర్ 9 నుంచి ఉంది. మెట్రో డీలక్స్ ఎక్కితే డబ్బులు కట్టాల్సిందే. పైగా తెలంగాణ అడ్రస్ ఉన్న కార్డు చూపిస్తేనే జీరో టికెట్ కొడతారు. మీ వదినగారి ఆధార్ ఏ జిల్లాది?

గోదారి కుర్రాడు:
కాకినాడ. అంటే ఫ్రీ లేదన్నమాట. మెట్రో అంటే రైలు కాదా మరి?

ఉప్పల్ వాసి:
మెట్రో అంటే రైలే. బస్సుని ఎక్స్‌ప్రెస్ అనాలి.

కండక్టర్ గారమ్మాయి:
మెట్రో రైలు వచ్చింది 2017లో. అంతకు ఎంతో ముందు నుంచే బస్సు మీద మెట్రో అని రాసి ఉంది, మేము అప్పటినుంచి మెట్రో అంటే బస్సనే అంటున్నాం. ఇప్పటికీ ఎవరైనా "మెట్రో ఎక్కి వచ్చెయ్" అంటే ఏ మెట్రో అని అడగాల్సి వస్తోంది. సరేగానీ, మీకు ఫ్రీ లేకపోయినా టి-24 టికెట్ తీసుకోండి, కొన్న టైం నుంచి 24 గంటలు సిటీ బస్సుల్లో ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చు. చార్మినార్ నుంచి గోల్కొండకి 65జి, 66జి ఉంటాయి, వెంటవెంటనే రావు, ఓపిక పట్టాలి.

పాతబస్తీ:
ఏ రోజు అని అడిగాను.

గోదారి కుర్రాడు:
శుక్రవారం. ఆ రోజే సెలవు దొరికింది. లింగంపల్లిలో దిగి చందానగర్‌లో అక్కావాళ్ళింట్లో స్నానాలు చేసి బయల్దేరతాం. అమ్మ కూడా వస్తోంది, మోకాళ్ళ నొప్పులు.

పాతబస్తీ:
శుక్రవారం సాలార్‌జంగ్ బంద్. మధ్యాహ్నం చార్మినార్ పక్కన మక్కా మసీదులో నమాజు, అటు అడుగు పెట్టలేరు.

ఉప్పల్ వాసి:
లింగంపల్లి అని ముందే చెప్పొద్దా! ఇంతసేపూ నిన్ను సికింద్రాబాద్‌లో తిప్పుతున్నా. నేను చెప్పిందంతా మర్చిపో. మియాపూర్‌లో రెడ్ లైన్ ఎక్కితే మారే పనే లేదు, నేరుగా ఎంజీబీఎస్.

లోకల్ రైలు ప్రేమికుడు:
చందానగర్‌లో ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది. ఊరికే చెప్తున్నా.

కండక్టర్ గారమ్మాయి:
అమ్మగారితో గోల్కొండ పైదాకా వద్దండీ, మెట్లు మూడొందల పైనే. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుంది, ఆ సరదా కిందే తీరుతుంది. శుక్రవారమే తప్పదంటే పొద్దున్నే చార్మినార్ చూసేసి, నమాజుకి ముందే బయటపడండి. బిర్లా మందిర్ మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం లక్డీకాపూల్ మెట్రోలో దిగి ఆటోలో వెళ్ళండి. ఫోన్లు కింద కౌంటర్లో ఇచ్చేయాలి. నలుగురివీ ఒకే టోకెన్ మీద పెట్టకండి, ఒకరు ముందొచ్చేస్తే మిగతావాళ్ళ కోసం చెప్పుల స్టాండ్ దగ్గర పడిగాపులు కాయాలి.

గోదారి కుర్రాడు:
మా అక్కని అడిగా, శనివారానికి మార్చమంటోంది. అప్పుడైతే మ్యూజియం కూడా కుదురుతుంది కదా. రైలు టికెట్ మార్చాలి ఇప్పుడు, అదో తలనొప్పి. థాంక్సండీ అందరికీ.

లోకల్ రైలు ప్రేమికుడు:
చందానగర్ నుంచి అయితే ఎంఎంటీఎస్‌లో లక్డీకాపూల్ దాకా...

భీమవరం బుల్లోడు:
నాదీ ఇదే డౌట్, కాకపోతే మేం ఆదివారం వస్తున్నాం, పదిహేను మందిమి. చెప్పండి ఎవరైనా.