అప్‌డేట్: హైబ్రిడ్ మీటింగుల్లో మాటలు వినపడని సమస్య తీరింది

మా హైబ్రిడ్ మీటింగుల్లో కొందరు ఆఫీసు గదిలో, మాలాంటి కొందరం ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో ఉంటాం. విజయనగరం ఆఫీసు గదిలో ఎనిమిది మంది మాట్లాడుకుంటుంటే, పలాసలో ఇంటి నుంచి నాకు సగం మాటలు వినపడటం లేదని, మధ్యలో మాట్లాడే సందే దొరకడం లేదని రెండు నెలల కిందట అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనిచేసింది, గదిలో ఉన్నవాళ్లు కూడా ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు జాయిన్ అవ్వడం. గది మైకు, స్పీకరు మాత్రమే ఆన్‌లో ఉంచి, ల్యాప్‌టాప్‌లలో మైకు, సౌండు రెండూ ఆపాలి. మొదటిరోజు ఒకరు సౌండు ఆపడం మరిచిపోతే చెవులు చిల్లులు పడేంత మోత! ఇప్పుడు అందరి ముఖాలూ కనిపిస్తున్నాయి, చెయ్యెత్తిన వరుసలోనే మాట్లాడుతున్నాం. ముందు ఇంటి నుంచి చేరిన మమ్మల్నే అడుగుతున్నారు, నాకు చాలా సంతోషంగా ఉంది.

టెక్నీషియన్ చూస్తే గది మైకు ఏసీ కింద ఉంది. బల్ల మధ్యకు మార్చారు. సమస్య నా వైపే ఉందనుకుని నేను మార్చిన నెట్ ప్లానుకీ, కొన్న హెడ్‌సెట్‌కీ దీంతో సంబంధమే లేదు.

టీ దగ్గర తీసుకునే నిర్ణయాలు మాత్రం ఇంకా మాకు ఆలస్యంగానే తెలుస్తున్నాయి. దాని గురించి మేనేజరు గారితో మాట్లాడుతున్నాను.