రెండో ఏడాది కూడా బెంచీ మీదే: కుర్రాణ్ని తయారు చేస్తున్నారా, వృథా చేస్తున్నారా?

శనివారంసీటు:

అందరికీ నమస్కారం. టీమ్ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే చర్చంతా మా కోచ్ మంచోడా చెడ్డోడా అన్న దాని మీదకే పోతుంది. నేను మాస్టర్స్ చేసిన అమెరికా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ (అమెరికన్ ఫుట్‌బాల్), పదేళ్లుగా ఒక్క శనివారం కూడా వదలకుండా చూస్తున్నాను.

గత ఏడాది ఒక ఫోర్ స్టార్ రిసీవర్ వచ్చాడు, అంటే హైస్కూల్‌లో మంచి రేటింగ్ తెచ్చుకున్న, పాస్‌లు పట్టే ఆటగాడు. హైస్కూల్ వీడియోలు చూసి మేమంతా ఎంత సంబరపడ్డామో చెప్పలేను. మొదటి సీజన్‌లో సరిగ్గా నాలుగు మ్యాచ్‌లు ఆడించి రెడ్‌షర్ట్ చేశారు. దాంతో నాకు పేచీ లేదు, 2018లో వచ్చిన రూల్ ప్రకారం నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా ఆ సీజన్ లెక్కలోకి రాదు, ఐదేళ్లలో ఆడగలిగే నాలుగు సీజన్లూ అలాగే మిగిలుంటాయి. నా బాధంతా ఈ ఏడాది గురించే. ఏడు మ్యాచ్‌లయ్యాయి. రికార్డింగ్ ఆపి ఆపి చూసి లెక్కపెట్టాను, మ్యాచ్‌కి పది పన్నెండు స్నాప్‌లు (అతను మైదానంలో ఉన్న ప్లేలు) దాటట్లేదు, అందులో సగం ఫలితం తేలిపోయాక నాలుగో క్వార్టర్‌లో ఇచ్చినవే. మొత్తం కలిపి ఐదు క్యాచ్‌లు. అతని ముందున్నది ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి తెచ్చిన ఐదో ఏడాది ఆటగాడు, చేతుల్లోకి వచ్చిన బంతుల్ని వదిలేస్తున్నాడు, అయినా బయటికి తీయరు. మొన్న 24 పాయింట్ల ఆధిక్యం ఉన్నప్పుడు కూడా మూడో క్వార్టర్ అంతా అతనే ఆడాడు!

ప్రెస్ మీట్‌లో ఎప్పుడడిగినా "ప్రాక్టీస్‌లో బాగా చేస్తున్నాడు, అతని టైమ్ వస్తుంది" అంటారు. ఆ టైమ్ వచ్చేలోపు జనవరిలో పోర్టల్ తెరుచుకుంటుంది, ఇంకో టీమ్ ఎగరేసుకుపోతుంది.

నా ప్రశ్న ఒక్కటే. బయట కూర్చుని చూసే మనలాంటి వాళ్లకి ఒక కుర్రాణ్ని నిజంగా తయారు చేస్తున్నారా, లేక పక్కన పడేశారా అన్నది ఎలా తెలుస్తుంది? స్నాప్‌లు లెక్కపెట్టడం తప్ప ఇంకేం చూడాలి?

వీడియోరూమ్:

అన్నా, చదువుకునే రోజుల్లో రెండు సీజన్లు ఒక కాలేజీ టీమ్‌కి ప్రాక్టీస్ వీడియోలు తీసే పని చేశాను. టవర్ ఎక్కి కెమెరా పట్టుకోవడమే నా పని, కోచింగ్ గురించి పెద్దగా తెలుసని చెప్పను. కానీ రోజూ చూడ్డం వల్ల ఒక విషయం బాగా అర్థమైంది.

స్నాప్‌లు ఎన్ని అన్నదానికంటే ఎలాంటి స్నాప్‌లు అన్నది చూడు. రిసీవర్ అంటే మనం బంతి పట్టేవాడనే అనుకుంటాం, కానీ కోచ్ ముందు చూసేది వేరు. రన్ ప్లేలో, అంటే బంతి విసరకుండా పట్టుకుని పరిగెత్తే ప్లేలో, అవతలి కార్నర్‌ని (రిసీవర్‌ని కాచే డిఫెండర్‌ని) బ్లాక్ చేసి పట్టి ఉంచగలడా, డిఫెన్స్ ఆఖరి క్షణంలో మారినప్పుడు తన రూట్‌ని (పరిగెత్తే దారిని) క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) ఊహించినట్టే మార్చుకోగలడా. ఈ రెండో దాంట్లో తప్పు చేస్తే టీవీలో మనకి క్వార్టర్‌బ్యాక్ చెత్త బంతి వేసినట్టు కనిపిస్తుంది, నిజానికి తప్పు రిసీవర్‌ది. నేను తీసిన వీడియోల్లోనే ఇలాంటివి ఎన్నో చూశాను, మర్నాడు అభిమానులంతా క్వార్టర్‌బ్యాక్‌ని తిడుతుంటే ఏమీ చెప్పలేక ఊరుకునేవాణ్ని. చేతుల్లోంచి బంతి జారినా సరే ఉండాల్సిన చోట ఉండే సీనియర్‌ని కోచ్ ఎందుకు వదలడో అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. మొదటి ఏడాది రెడ్‌షర్ట్ అయిన కుర్రాళ్లు వారమంతా ఎక్కువగా స్కౌట్ టీమ్‌లో ఉంటారు. అంటే వచ్చే శనివారం ఎదురయ్యే టీమ్ ప్లేలను కార్డు మీద చూసి మన డిఫెన్స్‌కి వ్యతిరేకంగా ఆడి చూపించడమే వాళ్ల పని. శరీరం గట్టిపడుతుంది, మంచి కార్నర్‌ల మీద రోజూ ఆడతారు, అదంతా నిజమే. కానీ సొంత ప్లేబుక్ మాత్రం వాళ్లకి మీటింగ్ రూమ్‌లోనే తెలుస్తుంది, మైదానంలో కాదు. సీజన్‌లో వారానికి 20 గంటలే అన్న రూల్ ఉంది కదా, అందులో రెండో వరస మూడో వరస వాళ్లకి మిగిలే రెప్స్ (ప్లే ఆడి చూసే అవకాశాలు) చాలా తక్కువ. అసలు నేర్చుకునేది వసంతంలో జరిగే 15 ప్రాక్టీసుల్లోనూ ఆగస్టు క్యాంప్‌లోనూ. కాబట్టి నీ కుర్రాడికి నిజమైన లెక్క మొదలై ఏడాది కూడా కాలేదు.

ఈసారి రికార్డింగ్ చూసేటప్పుడు మూడు చూడు. థర్డ్ డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో కీలకమైన మూడోదాంట్లో) లోపలికి పంపుతున్నారా, కిక్ఆఫ్, పంట్ కవరేజీల్లో (మనం బంతి తన్నాక అవతలివాణ్ని ఆపే ప్లేల్లో) ఉన్నాడా, రన్ ప్లే కోసమే అయినా మొదటి సగంలో వాడుతున్నారా. ఈ మూడూ లేకపోతే నేనూ కంగారుపడతాను.

కార్డినల్‌కాదుబక్‌ఐ:

నేను ఓహాయో స్టేట్ అభిమానిని, రిసీవర్ల గురించి అడిగారు కాబట్టి ఆగలేకపోతున్నాను, కొంచెం పెద్దగా రాస్తాను, క్షమించాలి.

2020లో మా రిసీవర్ల గదిలో ఎవరున్నారో గుర్తుందా? గ్యారెట్ విల్సన్, క్రిస్ ఒలావే ముందు వరసలో. వాళ్ల వెనక జేమ్సన్ విలియమ్స్, మొదటి ఏడాది కుర్రాడు జాక్సన్ స్మిత్-ఎంజిగ్బా. విలియమ్స్ రెండు సీజన్లలో కలిపి పట్టింది 15 క్యాచ్‌లు. స్మిత్-ఎంజిగ్బా ఆ ఏడాది పట్టింది 10. అప్పుడు ఈ ప్రశ్నే మేమూ వేసుకున్నాం, ఇద్దర్నీ వృథా చేస్తున్నారని పోట్లాడుకున్నాం కూడా.

2021 వసంతంలో ఒక్కసారి కాలేజీ మారితే ఏడాది కూర్చోనక్కర్లేదన్న రూల్ వచ్చింది. విలియమ్స్ అలబామా వెళ్లిపోయాడు. అదే ఏడాది అక్కడ 79 క్యాచ్‌లు, 1,572 గజాలు. ఇక్కడే ఉండిపోయిన స్మిత్-ఎంజిగ్బా 95 క్యాచ్‌లు, 1,606 గజాలు, రోజ్ బౌల్ ఒక్క మ్యాచ్‌లోనే 347 గజాలు. 2022 డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే చోట, విల్సన్ 10, ఒలావే 11, విలియమ్స్ 12, వరసగా! మరుసటి ఏడాది స్మిత్-ఎంజిగ్బా 20.

ఇందులో తప్పు చేసిందెవరు? ఎవరూ కాదు. వెళ్లినవాడూ బాగుపడ్డాడు, ఉన్నవాడూ బాగుపడ్డాడు. ఆ గదిలో రోజూ విల్సన్, ఒలావేలతో పోటీ పడి ప్రాక్టీస్ చేయడమే వాళ్లని తయారు చేసిందని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే మీ కుర్రాడి స్నాప్‌ల కంటే అతని ముందున్నవాళ్లు ఎలాంటివాళ్లో చూడండి. ముందున్నవాళ్లు ఎన్ఎఫ్ఎల్‌కి పోయే స్థాయి అయితే ఎదురుచూపులో అర్థముంది. బంతులు వదిలేసే ఐదో ఏడాది ఆటగాడి వెనక కూర్చోవడం వేరు, ఆ మాటలో మీతో ఏకీభవిస్తాను.

అలబామా డెవాంటా స్మిత్ కూడా 2017లో మొదటి సీజన్ మొత్తంలో పట్టింది 8 క్యాచ్‌లే. కాకపోతే ఆ ఎనిమిదిలో ఒకటి జార్జియా మీద ఓవర్‌టైమ్‌లో ఛాంపియన్‌షిప్ గెలిపించిన 41 గజాల టచ్‌డౌన్. మూడేళ్ల తర్వాత హైస్‌మన్ (కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడి ట్రోఫీ). అంటే అతన్ని తక్కువ వాడినా నమ్మారు, అంత పెద్ద క్షణంలో మైదానంలో ఉంచారు. వీడియోరూమ్ గారు చెప్పింది కూడా అదే.

లైన్‌మన్‌అమ్మ:

మా అబ్బాయి హైస్కూల్‌లో అఫెన్సివ్ లైన్‌లో (క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ముందు వరసలో) ఆడతాడు, వచ్చే ఏడాది కాలేజీ. నాలుగు కాలేజీలు తిరిగి వచ్చాం, ప్రతి చోటా లైన్ కోచ్‌ని నేను ఇదే అడిగాను, మొదటి ఏడాది వీడు ఏం చేస్తాడని. నిజాయితీగా చెప్పినవాళ్లు బరువు గురించి, పాదాల గురించి మాట్లాడారు. రెండేళ్లు ఆడడని ఒకాయన మొహం మీదే చెప్పాడు. మా అబ్బాయికి అప్పుడు కోపం వచ్చింది కానీ నాకు ఆయన మీదే ఎక్కువ నమ్మకం కుదిరింది.

పొజిషన్‌ని బట్టి లెక్క మారిపోతుందండీ. లైన్‌లో పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ని ఇరవై రెండేళ్లవాడి ముందు నిలబెడితే దెబ్బలు తగులుతాయి. ఐయోవాలో టైలర్ లిండర్‌బామ్ డిఫెన్సివ్ టాకిల్‌గా వచ్చాడు, మొదటి ఏడాది రెడ్‌షర్ట్, తర్వాత సెంటర్‌గా (అఫెన్సివ్ లైన్ మధ్యలో ఆడేవాడిగా) మార్చారు, 2021లో ఉత్తమ సెంటర్‌కిచ్చే రిమింగ్టన్ ట్రోఫీ, 2022 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్. ఆ మొదటి ఏడాది అతని స్నాప్‌లు లెక్కపెట్టి ఎవరైనా వృథా అనుంటే ఎంత పొరపాటు! అయితే రిసీవర్‌కి అంత కాలం అక్కర్లేదు, అందులోనూ ఒకే మ్యాచ్‌లో ఐదారుగురిని తిప్పి ఆడించొచ్చు, క్వార్టర్‌బ్యాక్‌లాగా ఒక్కడికే చోటు అన్న ఇబ్బంది లేదు. మీ బాధ నాకు అర్థమవుతోంది, 24 పాయింట్ల ఆధిక్యంలో కూడా పిల్లాడికి అవకాశం రాకపోతే ఇంట్లో తల్లిదండ్రులు టీవీ ముందు ఎలా కూర్చుంటారో నాకు తెలుసు.

మూడేళ్లలెక్క:

అందరూ ఓపిక గురించి రాస్తున్నారు, నేను కొంచెం అడ్డం మాట్లాడతాను. ఈ ఉదాహరణలు చాలావరకు పాత రోజులవి. 2024 నుంచి చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లయినా కాలేజీ మారొచ్చు, ప్రతిసారీ వెంటనే ఆడొచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న సెటిల్‌మెంట్ తర్వాత కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇస్తున్నాయి, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి అన్ని క్రీడలూ కలిపి దాదాపు 2.05 కోట్ల డాలర్ల వరకు. ఫుట్‌బాల్ రోస్టర్ (జట్టు జాబితా) 105 మందికి పరిమితమైంది. ఇలాంటప్పుడు ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌లో ఉన్న కోచ్ రెండేళ్ల తర్వాత పనికొచ్చే కుర్రాడి మీద టైమ్ ఎందుకు పెడతాడు? ఐదో ఏడాది వాణ్ని కొని తెచ్చుకుంటాడు, డబ్బు పెట్టి తెచ్చాడు కాబట్టి ఆడిస్తాడు. నీ టీమ్‌లో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం బ్రో.

ఒక్క కుర్రాణ్ని చూసి ఏదీ తేల్చలేం. నేను ప్రతి ఆగస్టులో ఒక పని చేస్తాను. మూడేళ్ల కిందట సంతకం చేసిన హైస్కూల్ క్లాస్ పేర్లు రాసుకుని అందులో ఎంతమంది ఇప్పుడు మన రెండు వరసల్లో ఉన్నారు, ఎంతమంది వెళ్లిపోయారు, వెళ్లినవాళ్లు అక్కడ స్టార్ట్ చేస్తున్నారా అని చూస్తాను. వెళ్లిన వాళ్లలో చాలామంది మంచి టీమ్‌లలో స్టార్టర్లయితే మన దగ్గర తయారీ బాగుంది, ఆడించడం బాలేదు. ఎక్కడా ఆడట్లేదంటే ఎంపికే తప్పు. స్టార్టర్లంతా పోర్టల్ వాళ్లే అయితే తయారు చేసే పని మానేశారని అర్థం. అరగంట పని, స్నాప్‌లు లెక్కపెట్టడం కంటే ఎక్కువ చెబుతుంది.

క్వార్టర్‌బ్యాక్ కామ్ వార్డ్‌ని చూడండి. ఇన్‌కార్నేట్ వర్డ్, అక్కడి నుంచి వాషింగ్టన్ స్టేట్, అక్కడి నుంచి మయామీ, 2025 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు. ప్రతి మెట్టు మీదా ఆడాడు, ఎక్కడా కూర్చోలేదు. ఆడుతూ నేర్చుకున్నది ప్రాక్టీస్‌లో రాదు, నా అభిప్రాయం ఇది, మార్చుకోను.

వీడియోరూమ్:

ఆ మూడేళ్ల లెక్క బాగుంది, ఒప్పుకుంటాను. కానీ బ్రో, వార్డ్ క్వార్టర్‌బ్యాక్, పైగా కింది స్థాయిలో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కాడు. పెద్ద టీమ్‌లో మొదటి రోజే కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో మనకి తెలీదు. ఫోర్ స్టార్ కుర్రాళ్లు ఆ కింది మెట్టు నుంచి మొదలుపెట్టడానికి ఒప్పుకోరు, వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లు అసలే ఒప్పుకోరు.

శనివారంసీటు:

అందరికీ థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. నిన్న రాత్రి కూర్చుని రెండు పనులూ చేశాను.

ముందు వీడియో. ఇన్నాళ్లూ బంతి వచ్చిన ప్లేలే చూశానని ఇప్పుడు తెలుస్తోంది. గత రెండు మ్యాచ్‌ల్లో అతను మొదటి సగంలోనే ఆరేడు స్నాప్‌లు ఆడాడు, దాదాపు అన్నీ రన్ ప్లేలు, ఒకదాంట్లో సేఫ్టీని (వెనక నిలబడే డిఫెండర్‌ని) పది గజాలు నెట్టుకుంటూ పోయాడు, అది చూసి ఇంట్లోనే చప్పట్లు కొట్టాను. పంట్ కవరేజీలో కూడా ఉన్నాడు, నేను గమనించనే లేదు. థర్డ్ డౌన్ మాత్రం ఒక్కటే దొరికింది. అందులో ఫస్ట్ డౌన్ గుర్తు (దాటాల్సిన పది గజాల గీత) దాకా వెళ్లకుండా గజమున్నర ముందే తిరిగాడు, బంతి పట్టినా ఫస్ట్ డౌన్ రాలేదు. ఆ ప్లే తర్వాత మళ్లీ పంపలేదు. కారణం అదే అయ్యుండొచ్చు.

తర్వాత మూడేళ్ల లెక్క. ఇది బాధపెట్టింది. ఆ క్లాస్‌లో 21 మంది, ఇప్పుడు మా రెండు వరసల్లో ఉన్నది ఆరుగురు. తొమ్మిది మంది వెళ్లిపోయారు, వాళ్లలో నలుగురు వేరే చోట స్టార్టర్లు, ముగ్గురు రిసీవర్లే! రిసీవర్ల దగ్గర మాకు ఏదో సమస్య ఉంది, అది ఈ ఒక్క కుర్రాడిది కాదు. లైన్‌మన్ల విషయంలో మాత్రం వెళ్లినవాళ్లు దాదాపు లేరు, ఉన్నవాళ్లు ఆడుతున్నారు.

లైన్‌మన్‌అమ్మ గారూ, మీ అబ్బాయికి ఆల్ ది బెస్ట్ అండి, మొహం మీద చెప్పిన ఆ కోచ్ దగ్గరికే పంపండి. ఈ శనివారం మా మీద ఆడేది బలహీనమైన సెకండరీ (పాస్‌లని కాచే డిఫెండర్లు) ఉన్న టీమ్, థర్డ్ డౌన్‌లో మా వాణ్ని ఎన్నిసార్లు పంపుతారో లెక్కపెట్టి ఆదివారం ఇక్కడ రాస్తాను.