1945లో జపాన్ మీద దండెత్తడం తప్ప వేరే దారి లేదా?

ప్రశ్న:
అణుబాంబు వెయ్యకపోతే అమెరికా సైన్యం జపాన్లో దిగాల్సొచ్చేది, లక్షల్లో పోయేవాళ్ళు అని స్కూల్లో చెప్పారు. నిజంగా ఆ రెండే దారులా? ఓడలు రాకుండా చుట్టూ కాపలా కాస్తే వాళ్ళే లొంగిపోయేవాళ్ళు కదా?

జవాబు 1:
రెండే కాదండి. ప్లాన్ అయితే గట్టిగానే వేశారు, 1945 నవంబర్ 1న జపాన్ దక్షిణ దీవి క్యూషూలో దక్షిణాన దిగడం, 1946 మార్చిలో టోక్యో దగ్గర కాంటో మైదానం. కానీ అప్పటికే ఒకినావా చూసున్నారు, ఆ ఒక్క దీవికే మూణ్ణెల్లు పట్టింది, అమెరికన్లే 12 వేలకు పైగా పోయారు. పైగా క్యూషూలోనే దిగుతారని జపాన్ వాళ్ళు ముందే పసిగట్టి సైన్యాన్ని అక్కడ దింపేశారు, వాళ్ళ రహస్య మెసేజులు చదివిన అమెరికాకి అదీ తెలిసిపోయింది. నేవీ పెద్దలు లీహీ, కింగ్ అందుకే సముద్ర దిగ్బంధం వైపు మొగ్గారు.

జవాబు 2:
దిగ్బంధం అంటే రక్తం కారని పద్ధతి అనుకోకు బ్రో. మార్చి నుంచి అమెరికా బాంబర్ విమానాలు బి-29లు రేవుల్లో మైన్లు జారవిడిచిన ఆపరేషన్ పేరే స్టార్వేషన్, అంటే ఆకలితో మాడ్చడం. ఆకలికి ముందు పోయేది సైనికుడు కాదు, పసిపిల్లలూ ముసలోళ్ళూ. మాది వైజాగ్, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులేస్తే మా ముత్తవ్వ పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం అలాగే వదిలేసి పిల్లల్ని చంకనేసుకుని ఊరు దాటిందంట. ఇంకో సంగతి ఎవరూ లెక్కెయ్యరు, మలయా తోటల నుంచి సయాం (ఇప్పటి థాయిలాండ్)-బర్మా రైలు పనికి తోలుకుపోయిన కూలీల్లో తమిళులతో పాటు మన తెలుగోళ్ళూ ఉన్నారు. యుద్ధం ఇంకో ఆర్నెల్లు సాగుంటే చైనాలో, ఆగ్నేయాసియాలో జపాన్ చేతికింద ఉన్న అలాంటి జనం గతేంటి?

జవాబు 3:
నాకు మాత్రం బాధ వేరే చోట. చక్రవర్తిని ఉండనిస్తాం అనే మాట పోట్స్‌డామ్ ప్రకటనలో (లొంగిపొమ్మని జపాన్‌కి ఇచ్చిన హెచ్చరిక) పెట్టాలని అమెరికా యుద్ధ మంత్రి స్టిమ్సన్ అడిగాడు, జులై 26న బయటికొచ్చిన దాంట్లో అది లేదు. బేషరతు లొంగుబాటే శాంతికి అడ్డం అని జపాన్ విదేశాంగ మంత్రి టోగో మాస్కోలో తన రాయబారికి పంపిన కేబుల్ అమెరికా అప్పటికే చదివేసింది. ఆ ఒక్క మాటతో ఆగేదని గ్యారంటీగా అనను, ఎందుకంటే ఆగస్టు 9న సోవియట్ సేన మంచూరియాలోకి వచ్చాక, నాగసాకి మీద బాంబు పడ్డాక కూడా జపాన్ యుద్ధ మండలిలో ఆరుగురూ ముగ్గురూ ముగ్గురుగా చీలిపోయే ఉన్నారు, చివరికి చక్రవర్తే తేల్చాడు. అయినా ముందు అడిగి చూడాల్సింది. ఒక వాక్యం రాయడానికి ఎవడి ప్రాణమూ పోదు, చివరికి ఆ చక్రవర్తిని ఉంచనే ఉంచారు.

ప్రశ్న అడిగినవారు:
ఆ వాక్యం తీయించింది ఎవరన్నా?

జవాబు 3:
ముఖ్యంగా బర్న్స్, అమెరికా విదేశాంగ మంత్రి. పదవిలోకొచ్చి అప్పటికి నెల కూడా కాలేదు, జులై 3న చేరాడు. అధ్యక్షుడు ట్రూమన్ సరేనన్నాడు.