కొత్తగా క్యాన్సర్ బయటపడినవాళ్లకు ఫోన్‌లో తోడు: లైన్ పెట్టేముందు ఏమేం చూసుకోవాలి?

గుంటూరు_లైన్
నమస్కారమండీ. రొమ్ము క్యాన్సర్ చికిత్స చేయించుకున్న ఎనిమిది మంది ఆడవాళ్లు, కొత్తగా ఆ జబ్బు బయటపడినవాళ్లతో ఫోన్‌లో మాట్లాడతామని ముందుకొచ్చారు. గుంటూరు, పల్నాడు జిల్లాల వరకే అనుకుంటున్నాం. ఎవరిని ఎవరితో కలపాలి, వాలంటీర్ల సొంత నంబర్లు బయటికి పోకుండా ఏం చేయాలి, మందుల గురించి అడిగితే ఏం చెప్పాలి అన్న దగ్గర ఆగిపోయాం. నెలకు రెండు మూడు వేలకు మించి పెట్టలేం.

జోడీ_కుదిర్చేవారు
ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయి కనీసం ఏడాది దాటినవాళ్లనే తీసుకోండి. హార్మోన్ మాత్రలు ఐదేళ్లు, కొందరికి పదేళ్లు నడుస్తాయి కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోకండి.

వాలంటీరుకే నేరుగా ఫోన్ వెళ్లేలా పెట్టొద్దు. ఆస్ట్రేలియాలో క్యాన్సర్ కౌన్సిల్ వారి 13 11 20కి చేస్తే ముందు శిక్షణ ఉన్న ఉద్యోగి మాట్లాడతారు. తోటి రోగితో కలపడం ఆ తర్వాతే. మీ దగ్గర ఆ మొదటి కాల్ కో-ఆర్డినేటర్ చేయాలి. డాక్టరు ఏం చెప్పారు, చికిత్స ఎంతవరకు వచ్చింది, ఏ వేళ తీరిక, ఫోను ఎవరిది, ఇంట్లో ఎవరెవరికి తెలుసు, ఇవన్నీ రాసుకోవాలి.

చివరి ప్రశ్న వదిలేస్తే చిక్కుల్లో పడతారు. మన ఇళ్లలో చాలాసార్లు ఫోన్ చేసేది కొడుకో అల్లుడో. "అమ్మకు గడ్డ అని మాత్రమే చెప్పామండీ, కాస్త ధైర్యం చెప్పండి" అంటారు. అప్పుడు ఆవిడకు ఫోన్ చేయకూడదు. మీ వాలంటీరు నోరు తెరిస్తే నిజం బయటపడుతుంది, తెరవకపోతే అబద్ధంలో పాలుపంచుకున్నట్టు. ఆ కొడుకును, తల్లినో భార్యనో చూసుకున్న ఇంకో మగమనిషితో కలపండి. అంటే మీకు ఇంట్లోవాళ్ల తరఫు వాలంటీర్లు కూడా ఒకరిద్దరు కావాలి.

జోడీ కుదిర్చేటప్పుడు ముందు ఆపరేషన్ చూడండి: రొమ్ము మొత్తం తీసినవారికి తీసినవారే. తర్వాత వయసు, చిన్నపిల్లలున్నారా అన్నది. కులం, ఊరు అడిగితే కుదరదని చెప్పండి. జబ్బు ఎముకలకో కాలేయానికో పాకినవారికి "నాకు పూర్తిగా నయమైంది" అనే వాలంటీరును కలిపితే ఆ మాట గుచ్చుకుంటుంది. అదే దశలో ఉన్నవారు లేకపోతే ఆ సంగతి ముందే చెప్పి, అయినా మాట్లాడతారా అని అడగండి.

రెండో_సిమ్
నంబర్ల సంగతి. కో-ఆర్డినేటరే ఇద్దరికీ కలిపి కాన్ఫరెన్స్ పెట్టి తాను తప్పుకోవచ్చు అనుకుంటారు. మామూలు మొబైల్లో కలిపినవారు పెట్టేస్తే మొత్తం కాలే తెగిపోతుంది. ఉండిపోతేనేమో గుట్టు ఉండదు. ఇద్దరికీ ఒకరి నంబరు ఒకరికి కనపడకుండా కలిపే వర్చువల్ నంబర్లు అద్దెకు దొరుకుతాయి, మీ డబ్బుకు సరిపోతుందేమో కనుక్కోండి. లేదంటే రెండు సిమ్‌ల ఫోనులో ఈ పనికే ఒక సిమ్. దాని మీద వాట్సాప్ తెరవొద్దు, ఫోటోతో సహా మనిషి బయటపడతారు. ఫోన్లో ఆటోమేటిక్ రికార్డింగ్ ఆన్ అయి ఉందేమో వెతికి ఆపేయండి.

తెలియని నంబరు ఎవరూ ఎత్తరు కాబట్టి ముందురోజు టైము, నంబరు ఎస్ఎంఎస్ పంపాలి. అందులో క్యాన్సర్ అన్న మాట రాకూడదు. వేరేవాళ్లు ఎత్తితే "ఆవిడతో మాట్లాడాలండీ, మళ్లీ చేస్తాను" అని పెట్టేయడమే.

కాల్ అరగంట నుంచి నలభై నిమిషాలు, వారానికొకటి, మొత్తం నాలుగు. ఈ లెక్క మొదటిరోజే చెప్పాలి. చెప్పకపోతే అయిదో వారం ఫోన్ రాలేదని ఆవిడ కుంగిపోతారు.

కీమో_వార్డు_నర్సు
మందుల దగ్గర గీత ఒక్కటే. వాలంటీరు తనకు ఎలా అనిపించిందో చెప్పొచ్చు, ఎదుటివారు ఏం చేయాలో చెప్పకూడదు. రిపోర్టు చదివి వినిపిస్తే: "అది డాక్టరు గారిని అడగాల్సినదండీ. ఏమేం అడగాలో ఇద్దరం కలిసి కాగితం మీద రాసుకుందాం." ఈ జవాబుతో కాల్ ఆగిపోదు, ఆవిడ చేతిలో పనికొచ్చే కాగితం మిగులుతుంది. ఆకుపసరు తాగుతున్నామంటే కసరకండి, కసిరితే మళ్లీ చెప్పరు. దాని పేరు రాసుకుని డాక్టరుకు చూపించమనండి. కీమో మానేస్తామంటే ఆరోజే కో-ఆర్డినేటర్‌కు తెలియాలి. డబ్బు ప్రశ్నలకు, ప్రభుత్వ ఉచిత వైద్య పథకం వర్తించే ఆసుపత్రిలో ఆ పథకం సహాయకులను చూపించండి.

ఒక్క విషయంలో మాత్రం తటపటాయించొద్దు. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీలు తాకితే పారాసెటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనకూడదు. కీమో ఎక్కించిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతుంటాయి. అప్పుడు ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా చీము, వాపు పెద్దగా రావు, జ్వరం ఒక్కటే గుర్తు. గంటలోపు ఆసుపత్రికి బయల్దేరాలి. ఆయాసం, ఆగని రక్తస్రావం, మంచినీళ్లు కూడా నిలవని వాంతులకూ అంతే. అవసరమైతే 108.

"బతకాలని లేదు" అన్న మాట వస్తే దాటేయకండి. "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అమ్మా?" అని సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. లైన్ వదలకుండా ఇంట్లో ఎవరున్నారో కనుక్కోండి, ఇంకో ఫోను నుంచి కో-ఆర్డినేటర్‌ను పిలవండి. మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

జోడీ_కుదిర్చేవారు
శిక్షణలో జంటలుగా కూర్చోబెట్టి ఉత్తుత్తి కాల్స్ చేయించండి. "ఏం కాదు, ధైర్యంగా ఉండు" అనేది మనకు అలవాటైన మాట, కానీ అవతలివారి భయానికి అక్కడితో తలుపు మూసేసినట్టే. "దేనికి ఎక్కువ భయంగా ఉందండీ?" అని అడిగి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగాలి.

ఒక్కో వాలంటీరుకు ఏ సమయంలోనైనా ఇద్దరే. ప్రతి కాల్ తర్వాత అదేరోజు కో-ఆర్డినేటర్ పది నిమిషాలు ఆమెతో మాట్లాడాలి. ఆమె సొంత మమోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే పరీక్ష) ఉన్న వారం కాల్స్ ఇవ్వకండి. మాట్లాడిన మనిషి చనిపోతే ఆ కబురు వాట్సాప్ గ్రూపులో పడేలోపు ఫోన్ చేసి చెప్పండి.

గుంటూరు_లైన్
చాలా థాంక్సండీ. మా ఎనిమిది మందిలో ఇద్దరికి ఇంకా ఏడాది కాలేదు. వాళ్లను ఏం చేయమంటారు? వెనక్కి పంపడానికి మనసొప్పడం లేదు.

జోడీ_కుదిర్చేవారు
పంపకండి. సిలికాన్ రొమ్ము ఎక్కడ దొరుకుతుంది, ఎంత, దాని కోసం బ్రా లోపల జేబు కుట్టే టైలర్ ఎవరు, రేడియేషన్‌కు రోజూ వచ్చివెళ్లేవాళ్లు బస చేయగల చోట్లేవి, ఇవన్నీ ఆరా తీసి ఒక పుస్తకంలో రాయమనండి. మొదటి కాల్‌లోనే అడుగుతారు.