ఎంపీ పనితనానికి ప్రశ్నల లెక్క కొలబద్దేనా? ఓటు రికార్డు మాటేమిటి?

బెంజ్‌సర్కిల్:
మన రెండూళ్ళ గ్రూపుల్లో ఒక పట్టిక తిరుగుతోంది. ఎంపీ పేరు, హాజరు శాతం, అడిగిన ప్రశ్నలు, మాట్లాడిన చర్చలు, అంతే. విజయవాడ వరసలో అంకెలున్నాయి, గుంటూరు వరసలో ప్రశ్నల గడి ఖాళీ. దాన్ని చూసి జనం రెండు పక్షాలైపోయారు. అంకెలే పనితనం అని కొందరు, అంకెలతో పనే లేదని కొందరు.

నేను మొదటి పక్షం. ఎంపీ వేసిన ప్రశ్న జాబితాకెక్కిందంటే ఆ శాఖ కాగితం మీద జవాబు రాసి సభ ముందు పెట్టక తప్పదు. అందులో తప్పుడు సమాచారం ఇస్తే హక్కుల ఉల్లంఘన నోటీసు దాకా పోతుంది. ఆఫీసుల చుట్టూ ఏడాది తిరిగినా మామూలు మనిషికి దొరకని లెక్క ఎంపీకి మూడు వారాల్లో దొరుకుతుంది. ఇంతటి ఆయుధం చేతిలో ఉండి వాడని వాళ్ళను ఏమని సమర్థిస్తాం? నన్నడిగితే ప్రతి బిల్లు మీదా ఎటు ఓటేశారో కూడా ఆ పట్టికలో చేర్చాలి.

బ్రాడీపేట_4వలైను:
ముందు గుంటూరు గడి సంగతి తేల్చుకుందాం. పెమ్మసాని చంద్రశేఖర్ గారు 2024 జూన్ నుంచి కేంద్రంలో గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్ల సహాయ మంత్రి. మంత్రులు ప్రశ్నలు వెయ్యరు, జవాబులు చెబుతారు. హాజరు రిజిస్టరులో సంతకం కూడా పెట్టరు. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వాళ్ళ సైటులో మంత్రులకు ఈ అంకెలు ఇవ్వనిది అందుకే. ఖాళీ గడిని సున్నా అని చదివితే ఎలాగండీ? ఆయన్ని కొలవాలంటే ఆయన శాఖలిచ్చిన జవాబులు తీసి చదవాలి.

అయితే నియోజకవర్గానికి నష్టం మాత్రం నిజంగానే ఉంది. మిర్చి ధర మీద గుంటూరు రైతు తరఫున ప్రశ్న పడాలంటే నరసరావుపేట సభ్యుడో, బాపట్ల సభ్యుడో, రాజ్యసభలో ఉన్నవాళ్ళో వెయ్యాలి. సొంత ఎంపీ వెయ్యలేరు. ఈ పట్టిక ఆ మాట ఎక్కడా చెప్పదు.

అరండల్‌పేట_వకీలు:
బెంజ్‌సర్కిల్ గారూ, ఆయుధం అన్న మాట ఒప్పుకుంటాను, లెక్క దగ్గరే నా పేచీ. ఆ అంకె ఎలా తయారవుతుందో చూడండి.

లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. శాఖలన్నీ ఐదు వంతులు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో వంతు. ఒక రోజుకు స్టార్ ప్రశ్నలు 20, అన్‌స్టార్డ్ 230 మాత్రమే జాబితాకెక్కుతాయి. ముందెవరిది అన్నది లాటరీలో తేలుతుంది. ఒక సభ్యుడి పేరు మీద ఒక రోజుకు స్టార్ ప్రశ్న ఒక్కటే, మొత్తం కలిపినా ఐదు దాటవు. స్టార్ ప్రశ్నకు మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, అడిగిన సభ్యుడు రెండు అనుబంధ ప్రశ్నలు వెయ్యొచ్చు. అన్‌స్టార్డ్‌కు కాగితమే జవాబు. ఇక 11 నుంచి 12 దాకా ఉన్న ఆ గంటలో స్టార్ ప్రశ్నలైనా 20 పూర్తికావు. 2019 నవంబరు 27న 20కి 20 పూర్తయితే, 1972 తరువాత అదే మొదటిసారి అని చెప్పుకున్నారు. వంతు రాని స్టార్ ప్రశ్నకూ చివరికి కాగితం జవాబే గతి. పట్టికలో మాత్రం అన్నీ ఒక్కో ప్రశ్నగానే పడతాయి. మంత్రిని రెండుసార్లు నిలదీసిందీ ఒకటే, కాగితం వచ్చి ఫైల్లో పడిందీ ఒకటే.

ఇంకొకటి, ఒకే విషయం మీద పదిమంది అడిగితే సచివాలయం ఆ నోటీసులన్నీ కలిపి ఒకే ప్రశ్న చేసి, పది పేర్లూ పక్కపక్కన వేస్తుంది. జవాబు ఒక్కటే అయినా పదిమంది ఖాతాలోనూ ఒక్కొక్కటి చేరుతుంది. "ఫలానా పథకం కింద రాష్ట్రాల వారీగా విడుదలైన నిధులెన్ని" తరహా ప్రశ్నలు ఇలాగే పుట్టలు పుట్టలుగా పడతాయి. వాటి జవాబు చాలాసార్లు శాఖ వార్షిక నివేదికలోనే ఉంటుంది. అలాంటివి 300 అడిగిన సభ్యుడి కంటే మన ప్రాంతపు పని ఒక్కదాని మీద నాలుగు సమావేశాలు వదలకుండా వెంటపడిన సభ్యుడు నాకు ఎక్కువ.

వెంటపడటం అంటే ఏమిటో కూడా చెబుతాను. మంత్రి "పరిశీలనలో ఉంది" అన్నా, "సమాచారం సేకరించి సభ ముందు పెడతాం" అన్నా అది హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని నమోదు చేసుకుంటుంది. 3 నెలల్లో నెరవేర్చాలి, కుదరకపోతే శాఖ గడువు పెంచమని అడగాలి. కొన్నాళ్ళకు ఆ హామీని జాబితాలోంచి తీసెయ్యమని శాఖే కమిటీకి రాస్తుంది. అడిగిన సభ్యుడు పట్టించుకోకపోతే కథ అక్కడే సర్దుకుంటుంది. మంత్రి నీళ్ళు నమిలిన జవాబే మనకు అసలు పనికొచ్చే జవాబు, ఎందుకంటే దానికి గడువు మొదలవుతుంది. మన ఎంపీ అడిగినవాటిలో ఎన్ని హామీలయ్యాయి, వాటిలో ఎన్ని నెరవేరాయి అన్న గడి ఆ పట్టికలో ఉందా?

బెంజ్‌సర్కిల్:
లేదండీ, ఉండాల్సిందే. కలిపేసిన ప్రశ్నలు అన్ని ఖాతాల్లోనూ పడతాయన్నదీ ఒప్పుకుంటున్నాను. అయినా కనీస సంఖ్య అంటూ ఒకటి ఉండాలి కదా. మంత్రి పదవి లేని సభ్యుడు ఒక సమావేశం మొత్తంలో రెండే ప్రశ్నలు వేస్తే ఆ రెండూ ఎంత లోతైనవైనా నేను ఊరుకోను. 2020 వర్షాకాల సమావేశాల్లో కరోనా పేరుతో ప్రశ్నోత్తరాల గంటే తీసేసినప్పుడు, అన్‌స్టార్డ్ ప్రశ్నలు మాత్రం మిగిలాయి. ఆ రోజుల్లో కాగితం జవాబులే దిక్కయ్యాయి. కాగితాన్ని మరీ తీసిపారెయ్యకండి.

కృష్ణలంక_కరకట్ట:
మీరిద్దరూ ప్రశ్నల దగ్గరే ఆగిపోయారు. నేను ఓటు దగ్గరికి వస్తాను. "ప్రతి బిల్లు మీదా ఎటు ఓటేశారో చేర్చాలి" అన్నారు బెంజ్‌సర్కిల్ గారు. చేర్చడానికి అసలు రికార్డంటూ ఉండాలిగా?

మన జీవితాలను అన్నిటికంటే ఎక్కువ మార్చిన బిల్లు రాష్ట్ర విభజన బిల్లు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా మూజువాణి ఓటుతో, అంటే అవును, కాదు అని నోటితో అరిపించే ఓటుతో, అయిపోయింది. 20న రాజ్యసభలోనూ మూజువాణే. ఏ సభ్యుడు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా రాసిన కాగితం ఈ దేశంలో ఎక్కడా లేదు. విజయవాడ సభ్యుడు లగడపాటి రాజగోపాల్ 13నాటి పెప్పర్ స్ప్రే ఘటన తరువాత సస్పెన్షన్‌లో ఉన్నారు కాబట్టి ఆయన సంగతి తెలుస్తుంది. సభలో కూర్చున్న మిగతావాళ్ళ సంగతి? ఎవరి మాట వాళ్ళు చెప్పుకోవడమే.

పార్లమెంటులో చాలా బిల్లులు ఇలాగే పోతాయి. పేర్లు నమోదు కావాలంటే డివిజన్ జరగాలి. స్పీకర్ మూజువాణి ఫలితం ప్రకటించినప్పుడు ఏ సభ్యుడైనా అభ్యంతరం చెప్పి డివిజన్ అడగొచ్చు. లాబీలు ఖాళీ చేయిస్తారు, మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది, తలుపులు మూస్తారు, తరువాత బటన్లు. ఆకుపచ్చ అనుకూలం, ఎరుపు వ్యతిరేకం, పసుపు తటస్థం. బటన్ తప్పు నొక్కినవాళ్ళు స్లిప్పు మీద దిద్దుకుంటారు. ఫలితాన్ని "సవరణలకు లోబడి" అని చదివేది అందుకే. అయితే నిబంధనలోనే ఒక మెలిక పెట్టారు. డివిజన్ అనవసరంగా అడిగారని స్పీకర్‌కు అనిపిస్తే, సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కపెట్టి తేల్చెయ్యొచ్చు. అప్పుడు పేర్లు నమోదు కావు.

రాజ్యాంగ సవరణ బిల్లులకు మాత్రం లెక్క తప్పదు. హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా కావాలి కనుక. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు కొత్త భవనంలో స్లిప్పులతో ఓటు వేయించారు, 454 అనుకూలం, 2 వ్యతిరేకం. విభజన బిల్లు మూడో అధికరణం కింద వచ్చింది, దానికి మామూలు మెజారిటీ చాలు. ఒక రాష్ట్రాన్ని రెండు చెయ్యడానికి పేర్లు రాయక్కర్లేదన్న ఏర్పాటు నాకు ఈ రోజుకీ మింగుడుపడదు.

అరండల్‌పేట_వకీలు:
కరకట్ట గారి కోపం న్యాయమైనదే. డివిజన్ జరిగినా ఆ ఓటు సభ్యుడిది కాదు, పార్టీది. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల చట్టం, వచ్చింది. విప్‌కు, అంటే ఎటు ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటేసినా, ఓటు వెయ్యకుండా తప్పుకున్నా సభ్యత్వానికే ఎసరు, పార్టీ 15 రోజుల్లోపు క్షమిస్తే తప్ప. ప్రభుత్వం నిలబడుతుందా లేదా అన్న ఓటుకూ, పార్టీ మూల విధానానికీ ఈ శిక్షను పరిమితం చెయ్యడం మేలని 1992లో కిహోటో హొలోహాన్ కేసులో సుప్రీంకోర్టు అన్నా, పార్టీలు మామూలు బిల్లులకూ విప్‌లు జారీ చేస్తూనే ఉన్నాయి. 2025 ఏప్రిల్ 3 తెల్లవారకముందే వక్ఫ్ సవరణ బిల్లు 288–232తో నెగ్గింది. ఆ జాబితాలో మన ఎంపీల పేర్లు ఎటున్నాయో చదివితే తెలిసేది తెలుగుదేశం పార్టీ నిర్ణయమే.

ప్రశ్నలకు విప్ లేదు. అందుకే సభ్యుడి సొంత తెలివి, సొంత శ్రద్ధ కనిపించేది అక్కడేనని నా వాదన.

కృష్ణలంక_కరకట్ట:
డివిజన్ అడగడానికీ విప్ లేదుగా వకీలు గారూ! పదో షెడ్యూలు ఓటు సంగతే చెబుతుంది, లేచి "డివిజన్" అనడాన్ని ఆపదు. పార్టీ ఓటే అయినా పేరుతో నమోదైతే రేపు మన ఊరొచ్చి ఇంకో మాట చెప్పే వీలుండదు. 2018 జులై 20 గుర్తు చేసుకోండి. అవిశ్వాస తీర్మానం విజయవాడ సభ్యుడు కేశినేని శ్రీనివాస్ పేరు మీద వచ్చింది, చర్చ మొదలుపెట్టింది గుంటూరు సభ్యుడు గల్లా జయదేవ్. 126–325తో ఓడిపోయింది. ఓడిపోతామని ముందే తెలుసు. అయినా విభజన హామీల మీద రోజంతా చర్చ జరిగింది, ఎవరు ఎటున్నారో అంకెల్లో తేలింది. 2014లో మనకు దక్కనిది సరిగ్గా అదే.

సత్యనారాయణపురం_గేటు:
వాదన వినడానికి బాగుంది. ఎవరికైనా సొంతంగా చూసుకోవాలనుంటే దారి ఇదీ. పార్లమెంటు వారి సంసద్ సైటులో లోక్‌సభ ఎంచుకుని, ప్రశ్నల విభాగంలో సభ్యుడి పేరు, సమావేశం, శాఖ ఇస్తే ప్రశ్నా జవాబూ పీడీఎఫ్‌గా వస్తాయి. డివిజన్ జాబితా విడిగా వెతికితే దొరకదు. ఆ రోజు చర్చల పూర్తి పాఠం తెరిచి బిల్లు పేరు దగ్గరికి వెళ్ళాలి, అనుకూలం వ్యతిరేకం పేర్లు అక్కడే ఉంటాయి. పేరు ఏ వైపూ లేకపోతే ఆ ఓటింగులో లేరని మాత్రమే అర్థం, కారణం అక్కడ రాయరు.

ఎంపీ గారికి ఇద్దామని ఒక ప్రశ్న రాశాను. ఎర్రుపాలెం–నంబూరు రైలు మార్గం మీద. 57 కిలోమీటర్లు, 2,245 కోట్ల రూపాయలు, కేంద్ర మంత్రివర్గం ఆమోదం 2024 అక్టోబరు 24. చూసి తప్పులు చెప్పండి.

(ఎ) అమరావతి మీదుగా వెళ్ళే ఈ మార్గం పనులు ఎంతవరకు వచ్చాయి?
(బి) భూసేకరణలో రాష్ట్ర ప్రభుత్వం ఎందుకు ఆలస్యం చేస్తోంది?
(సి) రాజధాని ప్రజల చిరకాల కోరిక పట్ల రైల్వే శాఖ నిర్లక్ష్యానికి కారణమేమిటి?

అరండల్‌పేట_వకీలు:
ఇలాగే పంపితే తిరిగొచ్చేస్తుంది. (బి) రాష్ట్రం చెయ్యాల్సిన పని, దానికి కేంద్ర మంత్రి జవాబుదారీ కాదని కొట్టేస్తారు. బుడమేరు వరద మీద ప్రశ్నలకూ ఇదే చిక్కు. గండ్లు ఎందుకు పడ్డాయని అడిగితే రాష్ట్ర విషయం, కేంద్ర బృందం నష్టం ఎంత అంచనా వేసింది, ఎంత విడుదల చేశారు అని అడిగితే కేంద్ర విషయం. (సి)లో ఆరోపణ ఉంది, అభిప్రాయం ఉంది, రెండూ నిబంధనలు ఒప్పవు. (ఎ)కు "పనులు చేపట్టడమైనది" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. అంకె తప్ప ఇంకేదీ జవాబుగా రాయడానికి వీల్లేకుండా అడగాలి. ఇలా మార్చండి:

(ఎ) ఈ మార్గానికి కావలసిన భూమి ఎన్ని ఎకరాలు, ఇప్పటికి రైల్వేకు స్వాధీనమైనది ఎంత, ఎన్టీఆర్, గుంటూరు, ఖమ్మం జిల్లాల వారీగా;
(బి) ఆమోదం నాటి నుంచి ఏటా కేటాయించినదెంత, ఖర్చయినదెంత;
(సి) కృష్ణా నది మీద 3.2 కిలోమీటర్ల వంతెనకు టెండరు పిలిచిన తేదీ, ఖరారైన తేదీ, పూర్తికావలసిన తేదీ;
(డి) ఖరారు కాకపోతే, ఏ దశలో ఉంది?

ప్రశ్న 150 మాటలు దాటకూడదు, ఇది సగం కూడా లేదు. లోక్‌సభలో రైల్వే వంతు బుధవారం. సమావేశాల తేదీలు ప్రకటించగానే మొదటి రెండు బుధవారాలకూ లెక్క వేసుకుని, 15 రోజుల గడువుకు ఇంకో వారం ముందే విజయవాడ ఎంపీ కార్యాలయంలో ఇవ్వండి. లాటరీలో మొదటి బుధవారం పోయినా రెండోది మిగులుతుంది.

బ్రాడీపేట_4వలైను:
నంబూరు మా వైపే. ఇదే ప్రశ్న నరసరావుపేట, బాపట్ల సభ్యుల కార్యాలయాలకూ ఇస్తాను. కలిపేసి ఒకటే చేసినా పర్వాలేదు, లాటరీలో మూడు చీట్లు ఉంటాయి.