ఉద్దానం నుంచి లద్దాఖ్‌కు సైకిల్ మీద: ఏ దారి, ఎన్ని రోజులు?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది ఉద్దానంలోని కవిటి మండలం. స్కూల్లో టీచర్‌ని, వయసు 34. ఆదివారాలు సోంపేట, ఇచ్ఛాపురం వైపు 70, 80 కిలోమీటర్లు సులువుగానే తొక్కుతున్నాను. వచ్చే జులైలో సీతంపేటలో ఉండే మా స్నేహితుడితో కలిసి మనాలి నుంచి లేహ్ వరకు వెళ్లాలని ఉంది. సెలవు 12 రోజులు దొరుకుతుంది. అందులో 7 రోజులు తొక్కడానికి పెట్టుకున్నాం. గేర్ల సైకిల్ ఉంది, ముందు చిన్న పళ్లచక్రానికి 28 పళ్లు, వెనక పెద్దదానికి 28. సరిపోతుందా? ఇక్కడ కొండ ఎక్కడం ఎక్కడ ప్రాక్టీస్ చేయాలి? ఎత్తులో తలనొప్పి వస్తుందని విని ఇంట్లోవాళ్లు టెన్షన్ పడుతున్నారు.

జవాబు (విజయనగరం నుంచి):

మాస్టారూ, మీ కాళ్ల గురించి నాకు బెంగ లేదు. వారానికి 80 కిలోమీటర్లు తొక్కేవాళ్లు మూడు నెలల్లో తయారవుతారు. నా బెంగంతా ఆ 7 రోజుల గురించే. మనం సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్లం. 5,000 మీటర్ల ఎత్తులో గాలి పీడనం ఇక్కడున్న దాంట్లో దాదాపు సగమే. శరీరం దానికి అలవాటుపడాలంటే రోజులు కావాలి. ఎంత బలమైనవాడికైనా అంతే. 3,000 మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకున్న చోటుకీ రేపు రాత్రి పడుకునే చోటుకీ 500 మీటర్లకు మించి తేడా ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. పగలు కనుమ ఎంత ఎత్తు ఎక్కారన్నదాని కంటే రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం.

మనాలి దారిని ఈ లెక్కతో చూడండి. జిస్పా 3,200 మీటర్ల దగ్గర ఉంటుంది. బారాలాచా కనుమ దాటితే సర్చూ 4,200 పైన. ఆ తర్వాత పాంగ్ 4,600. చివర తంగ్లాంగ్ లా కనుమ 5,300 పైన. సర్చూలో ఒంట్లో బాగోలేదనుకోండి, కిందకు దిగిపోదామంటే ముందూ వెనకా కనుమలే. ఆ దారికి 7 రోజులు చాలవు. పన్నెండు, పద్నాలుగు ఉంటేనే బయలుదేరాలి.

మీరు శ్రీనగర్ నుంచి లేహ్‌కు వెళ్లండి. అదీ దాదాపు 430 కిలోమీటర్లే. జోజీలా కనుమ 3,528, ఫోతూ లా కనుమ 4,108 మీటర్లు, అంటే ఎక్కే పని తక్కువేం కాదు. కానీ పడుకునే ఊళ్లు చూడండి: సోనమర్గ్, ద్రాస్, కార్గిల్, ముల్బెఖ్, లామాయురు, సస్పోల్. ఒక్కటీ 3,500 మీటర్లను పెద్దగా దాటదు. ద్రాస్‌లో 3,200 పైన పడుకున్న మర్నాడు కార్గిల్‌కు దిగుతారు, అది 2,700 లోపే. శరీరానికి అది పెద్ద ఊరట. శ్రీనగర్‌లో ఒక రోజు, కార్గిల్‌లో ఒక రోజు ఆగితే మొత్తం 9 రోజులు. ప్రయాణాలు కలుపుకుంటే 12 ఇరుకైపోతుంది. వాన పడి జోజీలా ఒక రోజు మూసేస్తే చాలు, లెక్క తప్పుతుంది. ఇంకో మూడు రోజులు సెలవు అడగండి.

జులై కూడా వద్దు. అమర్‌నాథ్ యాత్ర సమయంలో బాల్టాల్ వెళ్లేవాళ్లంతా సోనమర్గ్ మీదుగానే వస్తారు. గదులు దొరకవు, రోడ్డు మీద ఆంక్షలుంటాయి. సెప్టెంబర్ మొదట్లో అయితే యాత్ర ముగిసి దారి తేలికవుతుంది.

సైకిల్ సంగతి. 28కి 28 అంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం కూడా ఒక చుట్టు తిరుగుతుంది. క్యారేజీ మీద 15 కిలోలు పెట్టుకుని జోజీలా ఎక్కడానికి అది బరువు. ముందు 22 పళ్లది, వెనక 34 పళ్లది వేయించుకోండి. అప్పుడు ఒక తొక్కుకు చక్రం ముప్పావు చుట్టు కూడా తిరగదు. నెమ్మదిగా పోతారు, మోకాళ్లు మిగులుతాయి.

ప్రాక్టీసుకు శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కండి. ఖాళీ సైకిల్‌తో ఎక్కి లాభం లేదు. రెండు వైపులా నీళ్ల క్యాన్లు కట్టి ఎక్కండి, వరుసగా రెండు రోజులు ఎక్కండి. మొదటి రోజు ఎవరైనా ఎక్కుతారు. రెండో రోజు పొద్దున్న నడుం, మణికట్టు, కూర్చునే చోటు ఏం చెబుతాయో తెలియాలి. ఆదివారం అరకు వెళ్లే కార్లు ఎక్కువ, కాబట్టి మామూలు రోజు తెల్లవారుజామున బయలుదేరండి. సాలూరు ఘాట్ కూడా మంచిదే కానీ లారీల తాకిడి వల్ల కొత్తవాళ్లకు చెప్పను. ఒకటి గుర్తుంచుకోండి, అరకు 900 మీటర్లే. అక్కడ కాళ్లకు సాధన అవుతుంది గానీ పల్చని గాలి అలవాటు కాదు.

ప్రశ్న వేసినవారు:

సార్, ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. శ్రీనగర్ దారే ఖాయం చేసుకుంటాం. అది ఎడారి అంటారు కదా, నీళ్లు, తిండి ఎలా?

జవాబు (విజయనగరం నుంచి):

చల్లటి ఎడారి. లేహ్‌లో ఏడాది మొత్తానికి కురిసేది 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మనకు ఇక్కడ చొక్కా తడిసిపోతే చెమట పట్టిందని తెలుస్తుంది. అక్కడ పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. దాహం వేయకపోయినా అరగంటకోసారి రెండు గుక్కలు తాగండి. మూత్రం రంగు ముదిరితే నీళ్లు చాలట్లేదని అర్థం. పెదవులు, ముక్కు లోపల పగులుతాయి, వాజిలిన్ దగ్గర ఉంచుకోండి. ఎండ చల్లగా అనిపిస్తూనే చర్మం కాల్చేస్తుంది.

ఈ దారిలో ఊళ్లు తగులుతుంటాయి, అన్నం పప్పు దొరుకుతుంది. సొంతంగా వండుకునే ఆలోచన మానండి. 3,500 మీటర్ల దగ్గర నీళ్లు 90 డిగ్రీల లోపే మరిగిపోతాయి, కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. అటుకులు, పలాస జీడిపప్పు, బెల్లం, భీమాళి తాండ్ర పట్టుకెళ్లండి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, అన్నం చూస్తే తినబుద్ధి కాదు. నాకు లామాయురు నుంచి ముందుకు తాండ్ర ముక్కలే లోపలికి వెళ్లాయి.

ఇంకొకరి జవాబు (శ్రీకాకుళంలో నర్సుగా పనిచేస్తున్నాను):

మాస్టారు గారూ, మీది కవిటి అన్నారు కాబట్టి రాస్తున్నాను. టికెట్టు తీసే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రం పరీక్ష చేయించుకోండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు బయటపడే వరకు ఏ బాధా తెలియని వాళ్లను చాలామందిని చూశాను. ఒంట్లో నీరు తగ్గే ప్రయాణం కిడ్నీలకు పరీక్షే. అక్కడ ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేసుకోవద్దు. తలనొప్పికి పారాసిటమాల్ చాలు. ఎత్తు జబ్బుకు డయామాక్స్ అందరూ చెబుతారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, సల్ఫా మందులు పడనివాళ్లకు అది పనికిరాకపోవచ్చు. డాక్టర్ రాసిస్తేనే వాడండి.

మీ స్నేహితుడిది సీతంపేట ఏజెన్సీ కాబట్టి అతను సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య లక్షణం) పరీక్ష చేయించుకోవాలి. ఏజెన్సీ గ్రామాల్లో ఈ లక్షణం ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వచ్చినవాళ్లకు ఇక్కడ ఏమీ తెలియదు. ఎత్తులో మాత్రం ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎడమ పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి వస్తుంది. అతనికి భయం కలిగించాలని కాదు, చిన్న రక్తపరీక్షతో తేలిపోయే విషయం.

తలనొప్పి, వికారం వస్తే ఆ రోజు ఇంక ఎక్కకండి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా రాత్రయినా సరే వాహనం పట్టుకుని కిందకు దిగాలి. ఆ మాట అప్పుడు ఎవరు ఎవరికి చెప్పాలో ఇద్దరూ ఇక్కడే అనుకోండి. జబ్బుపడినవాడు బాగానే ఉన్నానంటాడు.

జవాబు (విజయనగరం నుంచి):

మేడమ్ చెప్పినవి నాకు తట్టనే లేదు, చాలా మంచి మాటలు. నేను రెండు చేరుస్తాను. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోండి. సైకిల్ ప్యాక్ చేసేటప్పుడు వెనక డీరేలర్ (గేర్లు మార్చే భాగం) విప్పి గుడ్డలో చుట్టండి. నేను విప్పకుండా వేశాను, దించేసరికి దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగి ఉంది, ఒక రోజంతా పోయింది. ఒక హ్యాంగర్, నాలుగు చక్రం పుల్లలు, రెండు ట్యూబులు, బ్రేకు ప్యాడ్లు అదనంగా ఉంచుకోండి. క్యారేజీ బోల్టులు రోజూ పొద్దున్నే బిగించండి.

ప్రశ్న వేసినవారు:

సోమవారం పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్తున్నాను. మా స్నేహితుడికీ చెప్పాను, వాళ్ల దగ్గరి ఆసుపత్రిలో చేయించుకుంటానన్నాడు.

జవాబు (నర్సు):

మంచిది. రిపోర్టు వచ్చాక డాక్టర్‌కు ఎంత ఎత్తుకు వెళ్తున్నారో, ఎన్ని రోజులో చెప్పండి. ఆయన సరే అన్నాకే టికెట్టు తీద్దురు గాని.